నాలుగో ప్రశ్న

“దయచేసి కూర్చోండి. మంచినీళ్ళు తాగుతారా?” అన్నాడు ఛైర్మన్.

“అక్కర్లేదండీ,” అంటూ ఆమె కుర్చీ అంచున కూర్చుంది.

ఛైర్మన్ గొంతు తగ్గించాడు. “తాగుతానని చెప్పు. నీళ్ళు తాగే వంకన ఆలోచించుకోవచ్చు.”

ఈ ఛైర్మన్ వృత్తిరీత్యా పళ్ళ డాక్టరు, వరసకు ఆమె భర్త. ఇంట్లో తొడుక్కునే బనీను మీద కోటు వేసుకుని, భోజనాల బల్లకు అవతల ఠీవిగా ఆసీనుడై ఉన్నాడు. ఆయన పక్కన, కమిటీలో రెండో సభ్యురాలి హోదాలో, ఆమె అత్తగారు బఠాణీలు ఒలుస్తోంది.

ఆమె విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం బోధిస్తుంది. ప్రభుత్వం కాసు విదల్చని ప్రశ్నలను పట్టుకుని వేలాడే ఇలాంటివారి కోసమే ఒక సంపన్న కుటుంబం ఫౌండేషన్ నెలకొల్పింది. అది ఎంపిక చేసిన పరిశోధనను అయిదేళ్ళపాటు పోషిస్తుంది. కాగితం మీద ప్రతిపాదన ఎంత నచ్చినా, ముఖాముఖి గట్టెక్కితేనే గ్రాంటు. మొదటి మూడు ప్రశ్నలు ఆమెకు మంచినీళ్ళ ప్రాయం. నాలుగోదాని దగ్గరే నాలుక మీది సరస్వతి ముఖం చాటేస్తుంది. ఆ ప్రశ్నకు తగిన జవాబు ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, తన నోటి వెంట రావాలని ఆమె పడే ఆరాటం ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

“మీ పరిశోధన ఏమిటో రెండు ముక్కల్లో చెప్పండి.”

“పట్నంలో పిట్టలు ఈ రొదకు తట్టుకోలేక స్వరం హెచ్చించి, సన్నగా పాడుతున్నాయండీ. వాటి తాతముత్తాతలు మంద్రంగా పాడేవి. రొదలో పుట్టి పెరిగిన పిల్లకు ఆ పాత పాట వినిపిస్తే, అది తన వాళ్ళ పాటేనని గుర్తుపడుతుందా? అదీ నా ప్రశ్న.”

“భేషుగ్గా ఉంది,” అంది అత్తగారు.

“సభ్యులు మధ్యలో మెచ్చుకోకూడదమ్మా.”

“మెచ్చుకోకుండా ఉండటం నా వల్ల కాదు. అంతగా అయితే నన్ను కమిటీలోంచి తీసెయ్. ఈ బఠాణీలు నువ్వే ఒలుచుకో.”

ఛైర్మన్ దగ్గి, సభామర్యాదను నిలబెట్టాడు. “ఆ పాత పాట ఇప్పుడెక్కడ దొరుకుతుంది?”

“కొండల వెనక, ఇంకా రోడ్డు పడని లోయల్లో. చదువుకునే రోజుల్లో ఒక వేకువన విన్నాను. మంచు ఇంకా విడలేదు. పిట్ట కనబడలేదు, పాటే వినబడింది. కాసేపటికి ఎక్కడో దూరం నుంచి దానికి బదులు వచ్చింది.” ఆమె చూపు బల్లను దాటి, గోడను దాటి ఎటో వెళ్ళిపోయింది. తిరిగి రావడానికి కొంత సమయం పట్టింది.

మూడో ప్రశ్న ఖర్చుల గురించి. తడుముకోకుండా చెప్పింది.

అప్పుడు ఛైర్మన్ కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. “ఇదంతా సరేనమ్మా. ఆ పిట్ట ఆ పాట మరిచిపోతే ఎవరికి నష్టం?”

ఆమె నోరు తెరిచింది.

“విమానాల మోత తగ్గించడానికి పనికొస్తుందని చెప్పు,” అని అందించాడు భర్త. “పెద్దపెద్దవాళ్ళే అలా చెబుతారు.”

“ఆ మాట ఒకసారి అన్నది చాలు. ఇంక నా నోట రాదు.”

“పోనీ, చెవుడుకు మందు కనిపెడతాననరాదూ?”

“అబద్ధం.”

“అబద్ధమని వాళ్ళకేం తెలుసు?”

“పిట్టలకు తెలుసు.”

“గ్రాంటు ఇచ్చేది పిట్టలు కాదే.”

“ఏమంటోందిరా?” అంది అత్తగారు. “ఈ బళ్ళ మోతలో ఒక్క ముక్కా వినబడి చావదు. ఆ కిటికీ మూసెయ్ అమ్మాయ్.”

ఆమె లేచి కిటికీ దగ్గరకు వెళ్ళింది. కింద సాయంకాలపు వాహనాలు ఒకదాన్నొకటి తరుముకుంటున్నాయి. ఎదుటి మేడ మీంచి ఒకావిడ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, రోడ్డు మీది మనిషిని పిలుస్తోంది. అతడు తలెత్తి చూస్తున్నాడు, చెవి చూపించి చెయ్యి తిప్పుతున్నాడు. ఆవిడ మళ్ళీ పిలిచింది. అతడు మళ్ళీ చెయ్యి తిప్పాడు. ఆమె కిటికీ రెక్క పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తర్వాత, మూయకుండానే వెనక్కి తిరిగింది.

“ఇంకో పిట్టకండీ.”

“ఏమిటది?”

“నష్టం. ఆ పాట విని బదులు పలకాల్సిన పిట్ట ఒకటి ఉంటుంది కదండీ, దానికి. అది ఏ కొమ్మ మీదో చెవులు రిక్కించుకుని కూర్చుని ఉంటుంది. ఆ రెండింటి మధ్యా రోడ్డు వేసింది మనం. ఒకదాని మాట ఒకదానికి ఇప్పటికీ అందుతోందా లేదా అని కనుక్కోవడం మన కనీస మర్యాద. మనకు దానివల్ల ఉపయోగమేమిటంటారా, నాకింకా తెలియదు. తెలిసి ఉంటే మిమ్మల్ని అయిదేళ్ళు అడిగేదాన్ని కాదు.”

ఒలుస్తున్న బఠాణీకాయ అత్తగారి వేళ్ళ మధ్య ఆగిపోయింది.

“ఇచ్చెయ్‌రా,” అంది ఆవిడ, మెల్లగా. “ఇంకా ఆలోచిస్తావేం?”

ఛైర్మన్ లేచి నిలబడ్డాడు. పొట్ట మీద కోటు గుండీ పెట్టబోయి, అది అందక వదిలేసి, బల్ల మీదుగా చెయ్యి చాచాడు. “కమిటీ మీ పరిశోధనకు ఏకగ్రీవంగా గ్రాంటు మంజూరు చేసిందండీ.” ఆ చివరి మాట దగ్గర ఛైర్మన్ గొంతు కాస్తా మొగుడి గొంతయింది.

ఆమె ఆ చేతిని తన రెండు చేతుల్లోకీ తీసుకుంది. చాలాసేపు వదలలేదు.

“ఇంకొక్కసారి అడగరూ,” అంది.

ఆయన కూర్చుని, కళ్ళద్దాలు తుడుచుకుని, అడిగాడు. ఆమె అదే జవాబు మళ్ళీ చెప్పింది, ఈసారి తీరిగ్గా, ఒక్కొక్క మాటా రుచి చూస్తున్నట్టు.

అసలు ఇంటర్వ్యూ జరిగి, గ్రాంటు చేజారి పదకొండేళ్ళయింది.