నాలుగో దెబ్బ

కూతురు వాయించిన పాట వింటున్న డ్రమ్ముల మాస్టారు ఇయర్‌ఫోన్లు చెవుల్లోంచి పీకి గాజు కౌంటరు మీద పడేశాడు.

"ఇందులోనూ తప్పావు. నాలుగో దెబ్బ ఎగిరిపోయింది."

"తప్పలేదు నాన్నా," అంది కూతురు. పొద్దుటి నుంచి ఆ మాట ఎన్నిసార్లు అందో ఆమెకే తెలియదు.

షాపావిడ వాటిని తీసి, రబ్బరు మొనలు ఊడలేదు కదా అని చూసుకుంది. ఉదయం బోణీ ఇలాంటి తండ్రీకూతుళ్లతో అవుతుందని ఆవిడ అనుకోలేదు పాపం.

"సార్, ఇంతకీ మీకు ఎలాంటివి కావాలి?"

"దీని తప్పు దీనికే వినిపించేవి కావాలి," అన్నాడు మాస్టారు. "నిన్నటి దాకా నా దగ్గర పాతవి ఉండేవి, చెవి అంచున వేలాడే రకం. వాటిలో ఏం వినపడేది, నా మొహం. రాత్రి మా గిటారతను లోపలికి దూరే రకం ఇచ్చాడు. అప్పుడు కదా దీని బండారం బయటపడింది."

"మూడేళ్లుగా నేనే వాయిస్తున్నాను. ఒక్కరోజు కూడా ఏమీ అనలేదు నువ్వు."

"మూడేళ్లూ నా చెవిలో పూలు పెట్టావు."

సాయంత్రం వాళ్ల బృందం కార్యక్రమం. మొదటి పాట ఆ అమ్మాయితోనే మొదలవుతుంది. అర నిమిషం పాటు ఇంకే వాయిద్యమూ ఉండదు. కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము ఒక్కటే, పక్క గదిలో ఎవరో నడుస్తున్నంత మెల్లగా. ఆ అర నిమిషం కోసం ఆమె ఆరు నెలలు కాలి మడమ వాచేలా సాధన చేసింది. ఇప్పుడు డ్రమ్ముల ముందు ఆ కుర్చీలో ఆమె కూర్చోవడం లేదని తండ్రి తేల్చేశాడు.

"బాబాయి కూర్చుంటాడు."

"బాబాయా? ఆయన డ్రమ్ము ముట్టుకుని ఏడాదైంది."

"నాలుగు దాకా లెక్కపెట్టడం వచ్చు వాడికి. అది చాలు."

షాపావిడ గొడవ మధ్యలోకి ఇంకో డబ్బా జరిపింది. "ఇది వాడి చూడండి సార్. దానికన్నా పై రకం. చెవిని పూర్తిగా మూసేస్తుంది, పక్కన లారీ వెళ్లినా తెలీదు. కాకపోతే గుటక వేస్తే ఆ చప్పుడు కూడా మీకు వినిపిస్తుంది."

"గుటకలు వినడానికి రాలేదమ్మా నేను."

పెట్టుకున్నాడు. కూతురు ఫోనులో పాట మోగించింది. పది సెకన్లు గడిచాయో లేదో మాస్టారి మొహం కందగడ్డ అయింది.

"ఇందులో ఇంకా బాగా తెలుస్తోంది. ఒక దెబ్బ మీద ఇంకోటి పడుతోంది, ఆ తర్వాత ఒకటి మాయం. నువ్వే విను."

ఆమె విన్నది. నాలుగూ ఉన్నాయి. మళ్లీ విన్నది. నాలుగూ ఉన్నాయి. షాపావిడ కూడా మొనలు తుడిచి పెట్టుకుని విన్నది.

"నాకు బాగానే ఉంది సార్."

"అమ్ముకునేవాళ్లకు అన్నీ బాగానే ఉంటాయి."

ఆ మాటకు షాపావిడకు కూడా కోపం వచ్చింది. కానీ కౌంటరుకు అటువైపు నిలబడ్డవాళ్ల కోపం బయటికి రాకూడదు కదా, మింగేసింది. కూతురికి ఆ అవసరం లేదు.

"నాకర్థమైంది నాన్నా. నేను ముందు కూర్చోవడం నీకు ఇష్టం లేదు. ఆ మాట సూటిగా చెప్పు. దెబ్బ తప్పింది, తాళం తప్పింది అని వంకలు పెట్టకు. ఎవరికీ వినపడని తప్పు నీ ఒక్కడికే వినపడుతుందా?"

"నలభై ఏళ్లుగా వింటున్న చెవులే ఇవి." మాస్టారు అరచేత్తో కౌంటరు మీద చరిచాడు. లోపల డబ్బాలు అదిరాయి. నుదుటి మీది చెమట కళ్లలోకి కారుతోంది.

"ఏసీలో చెమటలేంటి నీకు? పొద్దున బీపీ మాత్ర వేసుకున్నావా?"

"మాట మార్చకు."

"మార్చట్లేదు. బాబాయితోనే వాయించుకో. సాయంత్రం నేను హాలుకు కూడా రాను." ఏడుపు వస్తున్నందుకు ఆమెకు తన మీద తనకే ఒళ్లు మండింది.

"అమ్మా, మీ దగ్గర ఉన్నవాటిలో అన్నిటికన్నా మంచిది తీయండి," అన్నాడు మాస్టారు. "ఇదే ఆఖరు. ఇందులో నాలుగూ వినపడితే కుర్చీ దానిదే. లేకపోతే ఇక ఆ మాటే ఎత్తకూడదు."

"సరే," అంది కూతురు. "మాట మీద ఉండు."

షాపావిడ తాళం తీసి అద్దాల బీరువాలోంచి నల్లటి చిన్న డబ్బా తెచ్చింది. మాస్టారి చెవి కొలతకు సరిపోయే మొనలు వెతికి తొడిగింది. చుట్ట చుట్టి ఉన్న వైరు విప్పుతుండగానే ఆయన లాక్కుని చెవుల్లో దూర్చుకున్నాడు. కళ్లు మూసుకుని చెయ్యి పైకెత్తాడు. ఆయన చెయ్యెత్తితే ఇంట్లో ఫ్యాను కూడా ఆపేస్తారు.

మాస్టారి చూపుడువేలు కౌంటరు మీద తాళం వేయడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు. వేలు గాల్లో ఆగింది. మళ్లీ ఒకటి, రెండు, మూడు. మళ్లీ ఆగింది.

"ఇదిగో," అన్నాడు కళ్లు తెరవకుండానే, గెలిచినవాడి గొంతుతో. "ఎంత చక్కగా వినిపిస్తోందో. మళ్లీ తప్పావు. ఇప్పుడేమంటావ్?"

కూతురు షాపావిడ వైపు చూసింది. షాపావిడ కూతురి వైపు చూసింది. అంతసేపూ ఆ అమ్మాయి మొహం మీద ఉన్న కోపం ఎటు పోయిందో పోయింది. ఒక్క అంగలో తండ్రి దగ్గరికి వెళ్లి ఆయన చెవిలోది మెల్లగా తీసి, మణికట్టు పట్టుకుని నాడి వెతికింది.

"నాన్నా, పాట ఇంకా పెట్టనే లేదు."