తెడ్డు ఒకరిది, వల ఒకరిది

తెల్లవారి రేవుకు దిగిన జములమ్మకు, జూరాల జలాశయం నీళ్లలోంచి ముక్కు మాత్రం పైకి పెట్టి మునిగి ఉన్న మోటారు బోటు కనిపించింది.

కెవ్వున కేక పెట్టింది. ఆ వెంటనే, ఎవరికీ చెప్పుకోలేని సంతోషం ఒకటి లోపల కదిలింది. ఆ బోటు నడిపేది ఆమె భర్త కురుమూర్తి.

ఆమె కేక విని, గుండ్రటి పుట్టీలలో చేపలు పట్టే వాళ్లంతా పరుగెత్తుకొచ్చారు. కురుమూర్తి అందరికంటే ముందు నీళ్లలోకి దూకాడు. అడుగున గునపంతో పొడిచిన బొక్క ఉందనీ, ఆ పని చేసినవాడు చేతికి దొరికితే వదలననీ పైకొచ్చి అరిచాడు.

గద్వాల నుంచి బోటు యజమాని జయరాజు జీపులో వచ్చేసరికి ఎండ ఎక్కింది. ఇది పుట్టీల వాళ్ల పనేనని అతను ఎవరినీ అడగకుండానే తేల్చేశాడు. షికారుకు వచ్చే జనాన్ని తిప్పే ఆ బోటుకూ పుట్టీలకూ మొదటి నుంచీ పడదు. బోటు లేపే అలలకు పుట్టీలు తలకిందులయ్యేంతగా ఊగుతాయి. దాని పంకాకు చిక్కి వలలు పీలికలవుతాయి. మొన్న జములమ్మ వల అట్లాగే పోతే, షికారు జనం అందరి ముందూ ఆమె ఆ బోటు మునిగిపోవాలని తిట్టిపోసింది.

జయరాజు ఆ తిట్టు గుర్తు చేశాడు. అందరి చూపులూ ఆమె మీదికి తిరిగాయి.

"నా మొగడు నడిపే బోటును నేనెట్ల ముంచుత సారూ?"

"మొగడు ఎక్కిండనే ముంచినవేమో బిడ్డా," అన్నాడు పుట్టీల పెద్ద మాసయ్య. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

పుట్టిలో ఆడది తెడ్డు వేస్తే మగవాడు వల వేస్తాడు. ఇద్దరుంటేనే పుట్టి నీళ్ల మీద కుదురుగా నిలుస్తుంది. నిరుడు కురుమూర్తి స్టీరింగు మోజులో పడి, వద్దు వద్దంటే వినకుండా జములమ్మను వదిలి బోటు ఎక్కాడు. అప్పటి నుంచి ఆమె తెడ్డు వదిలి వల అందుకునే లోపల పుట్టి బొంగరంలా తిరుగుతుంది. చూసినవాళ్లు నవ్వుతారు. నవ్వితే నవ్వనీ. వల గుంజుతూ అతను చెప్పే పనికిమాలిన కబుర్లు లేక, ఎదురుగా ఖాళీగా ఉన్న ఆ కాస్త చోటును చూడలేకపోయేది ఆమె. ఇంట్లో అతను తిని పడుకుంటాడు. నీళ్ల మీద నల్లద్దాలు పెట్టుకుని, చెయ్యి కూడా ఎత్తకుండా పక్కనుంచి దూసుకుపోతాడు.

జయరాజు ఆఖరు మాట చెప్పాడు. ముంచినవాడు ఒప్పుకుంటే వాడి పుట్టి ఒక్కటే తగలబెట్టి, వాణ్ణి ఠాణాలో అప్పగిస్తాడు. ఒప్పుకోకపోతే రేవులో ఒక్క పుట్టి మిగలదు. జీపు డ్రైవరు అప్పటికే డీజిల్ డబ్బా దించాడు.

రేవులో బోర్లించిన పుట్టీలన్నిటి వైపూ చూసింది జములమ్మ. తర్వాత భర్త వైపు చూసింది. తడి బట్టలతో, మొహం అటు తిప్పుకుని నిలబడ్డాడు. బోటు పోయిన దుఃఖంలో అతనికి తను కనిపించడం లేదనుకుంది.

"అందరిని పరేషాన్ చెయ్యకుండ్రి సారూ," అంది. "నేనే ముంచిన. నా పుట్టి కాలబెట్టుకోండ్రి."

మాసయ్య తల దించుకున్నాడు. డ్రైవరు డబ్బా మూత తీసి ఆమె పుట్టి వైపు నడిచాడు. నాలుగు అంగలలో వచ్చి కురుమూర్తి అతనికి అడ్డంగా నిలబడ్డాడు. ఏడాదిలో మొదటిసారి నీళ్ల ఒడ్డున భార్య మొహంలోకి నేరుగా చూశాడు.

"అది అబద్ధమాడుతుంది సారూ, బొక్క గొట్టింది నేను. దాని మాట ఇనకుండ పోయినోణ్ణి, బోటు మంచిగుండంగ ఏ మొకం పెట్టుకొని తిరిగొస్త? నన్ను ఠాణాకు తోల్కపోండ్రి గని గా పుట్టిని ముట్టకుండ్రి. ఇడిసిపెట్టినంక నేను పోయి కూసునేది అండ్లనే."