ఆట ఆపకు మోహనా

మోహన్‌కృష్ణ కొట్టిన బంతి నాలుగో మడుగులో బుడుంగున మునిగింది.

కోటేశ్వర్ పగలబడి నవ్వాడు. "అది గోల్ఫ్ స్టిక్కురా, గొర్రెలు తోలే కర్ర అనుకున్నావేంది? ఈ మడుగులన్నీ నీ బంతులతోనే పూడేట్టు ఉండాయి!"

ఆత్మకూరు హోల్‌సేల్ వ్యాపారులకు గోల్ఫ్ ఏమిటని మీరూ నవ్వకండి. సోమశిల దారిలో కొత్తగా ఒక రిసార్టు వెలిసింది. మెట్టభూమి మీద పచ్చగడ్డి పరిచారు. అడుగడుగునా మడుగులు తవ్వి కాలవ నీళ్ళు నింపారు. ఎంతటి ఆటగాడికైనా మూడు చెరువుల నీళ్ళు తాగించే మైదానం అది. ఊళ్ళో పెద్ద బేరాలన్నీ ఇప్పుడు అక్కడే తెగుతున్నాయి.

ఈ పూట బేరం రైసుమిల్లు గురించి. ఇద్దరూ అందులో పార్ట్‌నర్లు. అమ్మేద్దామని కోటేశ్వర్, చచ్చినా సంతకం పెట్టనని మోహన్‌కృష్ణ. కొన్నాళ్ళుగా ఉప్పూ నిప్పుగా ఉన్నారు. సర్దిచెప్పడానికని మోహన్‌కృష్ణ బావమరిది బాలాజీ వెంట వచ్చాడు.

అప్పుడే కోటేశ్వర్‌కు ఫోన్ వచ్చింది.

పక్కకు పోయి మాట్లాడాడు. బాలాజీని సైగ చేసి పిలిచాడు. ఇద్దరూ వీపు తిప్పుకుని ఏదో గుసగుసలాడారు. తిరిగి వచ్చేటప్పటికి కోటేశ్వర్ ముఖంలో నవ్వు లేదు.

"నీళ్ళలో పడింది లెక్కలో వద్దులే మోహనా," అన్నాడు మెత్తగా. "ఇంకో బంతి పెట్టుకో."

మోహన్‌కృష్ణకు వింతగా తోచింది. బడిలో పలకలు పగలగొట్టుకున్న నాటి నుంచి వీడు తనను 'రా' లేకుండా పిలిచి ఎరగడు. ఆటలో అవతలివాడికి ఆవగింజంత వదిలిపెట్టే రకమూ కాదు.

తర్వాతి హోల్ దగ్గర మరీ విచిత్రం. ఆ మైదానంలో కోటేశ్వర్‌ను మించినవాడు లేడు. అలాంటివాడు బంతి వెనక బంతి మడుగులోకే కొట్టాడు. ఎక్కడ పడిందో కూడా చూడలేదు. వాడి చూపంతా రోడ్డు మీదే ఉంది. ఎవరో రావాలి.

"మరి మిల్లు సంగతి ఏమంటావు?" మోహన్‌కృష్ణే కదిపాడు.

"సంతకం వద్దు, ఏం వద్దు. నువ్వు ఎట్లంటే అట్లనే."

నిన్నటిదాకా సంతకం కోసం కొట్లాడినవాడు ఇవాళ అక్కర్లేదంటున్నాడు! మనిషే లేకపోతే సంతకంతో పనేముంది? ఆ ఆలోచన రాగానే మోహన్‌కృష్ణ బావమరిది వైపు తిరిగాడు.

"బాలాజీ, నా ఫోన్ ఇయ్యి. మధుతో మాట్లాడాల."

మధులత ఆయనకు ఒక్కగానొక్క కూతురు. నాయన గొంతులో తేడా వినబడితే చాలు, ఉన్నపళంగా బయల్దేరి వస్తుంది. ఆటకు ముందు దాచమని ఇచ్చిన ఫోన్ బాలాజీ దగ్గరే ఉంది.

"చార్జింగ్ అయిపోయినాది బావా," అన్నాడు బాలాజీ. అంటుండగానే వాడి జేబులో ఫోన్ గుర్రుమని అదిరింది. గబుక్కున నొక్కేశాడు. వాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ధైర్యం కోసం తాగొచ్చాడేమో!

"నేను ఇంటికి పోతా."

"వద్దు!" ఇద్దరూ ఒక్కసారే అరిచారు. కోటేశ్వర్ గొంతు తగ్గించాడు. "డ్రైవర్ యాడికో పోయినాడు. ఆట ఆపకు మోహనా. కాసేపు ఆడదాం."

బ్యాగులు మోసే చెంచయ్య చెవిలో కూడా కోటేశ్వర్ ఏదో ఊదాడు. అప్పటి నుంచి చెంచయ్య మోహన్‌కృష్ణను బలికి కట్టేసిన పొట్టేలును చూసినట్టు చూస్తున్నాడు. అంటే వాడికీ తెలుసు.

ఏడో హోల్ మైదానానికి ఆ కొసన ఉంది. మూడు పక్కలా నీళ్ళే. అన్నింటికన్నా లోతైన మడుగు అదే. మబ్బు కమ్మి నీళ్ళు నల్లగా కనిపిస్తున్నాయి. చుట్టుపక్కల నరమానవుడు లేడు. తనకు ఈత రాదు. ఆ సంగతి బాలాజీకి తెలుసు.

రిసార్టు ఆఫీసు దాకా పరుగున పోయి వచ్చిన బాలాజీ ఒక మాత్ర చేతిలో పెట్టాడు.

"నోట్లో ఏసుకో బావా."

"ఏందిది?"

"గుండెకు మంచిదిలే. ఏసుకో."

మోహన్‌కృష్ణ గుండెకు స్టెంట్ వేసి ఏడాదయింది. అలాంటి మనిషి గుండె ఆగి నీళ్ళలో పడ్డాడంటే ఎవరు కాదంటారు? సొంత అక్క పసుపుకుంకాలు తుడిచేంత పాపిష్టివాడా వీడు! మాత్ర నోట్లో వేసుకున్నట్టు నటించి, తల తిప్పుకుని గడ్డిలో ఉమ్మేశాడు.

బంతి మడుగు అంచున ఆగి ఉంది. కొట్టడానికి వంగాడు. వెనక నుంచి కోటేశ్వర్ చెయ్యి వచ్చి నడుము చుట్టూ బిగుసుకుంది.

"వదల్రా!"

మోహన్‌కృష్ణ విదిలించుకుని స్టిక్కు ఎత్తాడు. దెబ్బ కోటేశ్వర్ భుజం మీద పడింది. కోటేశ్వర్ తిట్టలేదు. చెయ్యి అడ్డం పెట్టలేదు.

"కొట్టు. ఎంత కావాలంటే అంత కొట్టు మోహనా," అంటూ ఇంకా దగ్గరికి వచ్చాడు.

అంతలో గడ్డిని తొక్కుకుంటూ ఒక కారు దూసుకొచ్చి ఆగింది. అందులోంచి మోహన్‌కృష్ణ అన్న జనార్దనయ్య దిగాడు. ఉదయగిరిలో దుకాణం వదిలి పండక్కి కూడా కదలని మనిషి. ఆ దేవుడే పంపించాడు! బతికిపోయాననుకున్నాడు మోహన్‌కృష్ణ.

పరుగెత్తి పోయి అన్న చేతులు పట్టుకున్నాడు. "అన్నా, వీళ్ళు నన్ను చంపాలని చూస్తా ఉండారు! ఫోన్ కూడా ఇవ్వకుండా ఇక్కడే ఆపినారు!"

జనార్దనయ్య తమ్ముణ్ణి గట్టిగా గుండెకు అదుముకుని, "ఆపమన్నది నేనేరా, నేనొచ్చిందాకా నీకు తెలియనీయొద్దన్నది కూడా నేనే... పొద్దున చేజర్ల రోడ్డులో లారీ గుద్ది, మన మధు మనకు లేకుండా పోయింది నాయనా" అన్నాడు.