మాటకారుల జాబితా

"ఒసే యాయ్రా, నోరు మూస్తావా, నీ పేరు రాయమంటావా?"

క్లాసు లీడరు సెలోమ్ పెన్ను మూత తీసింది. మధ్యాహ్నం చదువుకునే గంట మొదలై పది నిమిషాలే అయింది. ఆడపిల్లల హాస్టల్లో ఆ కాసేపూ ఎవరూ కిక్కురుమనకూడదు. నోరు విప్పినవాళ్ల పేర్లు లీడరు కాగితం మీద రాయాలి, ఎన్నిసార్లు విప్పితే అంత అంకె పక్కన వెయ్యాలి. పేరెక్కిన పిల్ల ఆదివారంనాడు కత్తి పట్టుకుని భోజనశాల వెనక గడ్డి కొట్టాలి. కన్నవాళ్లు చూడటానికొచ్చేదీ ఆ ఆదివారమే.

యాయ్రా వాళ్లమ్మ వాళ్ల ఊరు కేటా నుంచి వస్తోంది, రెండు నెలల తరవాత. జొలోఫ్ అన్నం, కోడి వేపుడు, సీసాడు షితో కారం తెస్తున్నానని కబురు కూడా పంపింది. ఆ వేపుడులో సెలోమ్‌కి సగం వాటా. మొదటి ఏడు నుంచీ ఉన్న ఒప్పందమే అది.

రాయకుండా వదిలేద్దామంటే ఇంకో భయం ఉంది. లీడరు కాక, వారానికొక రహస్య రాతగత్తెను కూడా పెడతాడు క్లాసు టీచరు అగ్బెకో సార్. ఆమె ఎవరో ఎవరికీ తెలీదు. తెలియనిస్తే తోలు తీస్తాడు. ఆ పిల్ల తన చీటీని ఎవరూ చూడకుండా బల్ల మీది సుద్దముక్కల డబ్బాలో పడేస్తుంది. ఈ వారం ఆ పని కఫూయిదేనని క్లాసంతా తేల్చేసింది. కఫూయి బొత్తిగా మాట్లాడదు మరి. మాట్లాడని మనిషిని ఎవరు నమ్ముతారు?

"రాస్తే రాసుకోవే" అంది యాయ్రా, అక్క పెట్టెలోంచి కొట్టుకొచ్చిన నవల మీంచి తలెత్తకుండా. "ఇక్కడ నా ప్రాణం పోతోంది. పరీక్ష కాగితం దొంగిలించింది ఈ పిల్ల ప్రాణ స్నేహితురాలు. ఈ పిల్ల కళ్లారా చూసింది. ఇప్పుడు పెద్ద టీచరమ్మ పిలిచి అడుగుతోంది. చెప్పాలా, వద్దా?"

"చెప్పాలి" అనేసి సెలోమ్ నాలిక కరుచుకుంది.

యాయ్రా పేజీ అంచున పెన్సిలుతో చిన్న గీత గీసింది.

"స్నేహితురాల్నే పట్టిస్తుందా? నేనైతే చచ్చినా చెప్పను."

"స్నేహం వేరు, నిజం వేరు తల్లీ. కాగితం దగ్గరే ఆపకపోతే రేపు బ్యాంకు దోచుకొస్తుంది."

మళ్లీ గీత.

"ఏంటే ఆ గీతలు? పుస్తకం పాడుచేస్తే మీ అక్క చంపుతుంది."

"నవ్వొచ్చిన చోట అడ్డం, ఏడుపొచ్చిన చోట నిలువు" అని యాయ్రా ఒక నిలువు గీత గీసింది.

"ఇంత ఏడుపుందా ఇందులో?"

"ఉంది. ముందుముందు ఇంకా ఉంది."

సెలోమ్ ఓ పేజీ లెక్కలు చేయబోయింది. రెండో లెక్క దగ్గరే ఆగిపోయింది. "ఇంతకీ చెప్పిందా?"

"ఇంకా లేదు. గుమ్మంలో నిలబడి ఏడుస్తోంది. చెబితే ఆ రెండోదాన్ని బళ్లోంచి పంపేస్తారు. దాని తల్లి చేపలమ్మి చదివిస్తోంది, అదొక్కతే కూతురు."

"అయ్యో! అయితే చెప్పకూడదు."

"ఇందాక చెప్పాలన్నావు?"

"ఇందాక వాళ్లమ్మ సంగతి నాకు చెప్పలేదుగా!"

యాయ్రా కథ చెబుతూనే ఉంది, సెలోమ్ అడ్డుపడుతూనే ఉంది, ముందు బెంచీలవాళ్లు కూడా చెవులు వెనక్కి పెట్టారు. కఫూయి మాత్రం ఏదో రాసుకుంటూనే ఉంది.

యాయ్రా పుస్తకం మూసింది. ముఖం చిన్నబుచ్చుకుని "నువ్వు మొదట అన్నదే నిజమేమోనే" అంది. "ఒకవేళ పట్టిస్తే, ఆ రెండోది దీన్ని క్షమిస్తుందంటావా?"

"నిజమైన స్నేహితురాలైతే ఎందుకు క్షమించదు?"

"ఒట్టు?"

"నవలకి ఒట్లేంటే, పిచ్చిమొహమా!"

యాయ్రా ఇంకో నిలువు గీత గీసి, నీళ్లు తాగొస్తానని లేచి, బల్ల పక్కనున్న బిందె దగ్గరికి వెళ్లింది.

సెలోమ్ తెల్లకాగితం వంక చూసింది. "యా" అని రాసింది. నెత్తిన గిన్నె పెట్టుకుని గేటు దగ్గర నిలబడ్డ యాయ్రా తల్లి కళ్లముందు కదిలింది. లీడరు పదవిదేముంది, పోతే పోయింది. ఆ పిల్లను తల్లికి దూరం చేసి ఏ మొహం పెట్టుకుని వేపుడు తింటుంది? కాగితం నలిపి జేబులో కుక్కుకుంది.

గంట కొట్టారు. అగ్బెకో సార్ వచ్చాడు.

"జాబితా?"

"ఎవరూ మాట్లాడలేదు సార్" అంది సెలోమ్. ఆ గొంతు తనదేనా అని తనకే అనుమానం వచ్చింది.

సార్ తాపీగా సుద్దముక్కల డబ్బాలో వేళ్లు పెట్టి, మడత చీటీ ఒకటి తీసి, కళ్లజోడు సవరించుకున్నాడు.

"యాయ్రా, ముప్ఫై ఒకటి. సెలోమ్, పంతొమ్మిది." చీటీ మీంచి చూశాడు. "ఎవరూ మాట్లాడలేదన్న మాట! బ్యాడ్జి తీసి ఇక్కడ పెట్టు. ఆదివారం ఇద్దరూ కత్తులు తీసుకుని రండి."

క్లాసంతా కఫూయి వైపు తిరిగింది. కఫూయి ఇంటికప్పు చూసింది.

సెలోమ్‌కి ఒళ్లు మండిపోయింది. బ్యాడ్జి బల్ల మీద పడేసి వచ్చి కూర్చుని, యాయ్రా చెవిలో బుసకొట్టింది. "ఆ కఫూయిని ఇవాళ కుళాయి దగ్గర పట్టుకుని దాని జుట్టు పీకుతాను. నువ్వు నా వెనకాలే ఉండు."

యాయ్రా కళ్లనిండా నీళ్లు తిరిగాయి. నవల అంచున ఇంకో గీత గీసి, మెల్లగా లేచి నిలబడింది.

"సార్, సెలోమ్‌వి ఇరవై చెయ్యండి."