ఎప్పటి మోతాదే

తమ్ముడు పోయిన రోజు ఆసుపత్రి డాక్టరు కాగితం మీద రెండు మాటలు రాశాడు. అధిక మోతాదు.

"మొదటి మాట కొట్టేయండి," అంది అక్క.

"ఏమిటి మేడమ్?"

"అధిక అన్న మాట. వాడు ఎక్కువ తీసుకోలేదు. వాడితోపాటు తెచ్చిన సిరంజి చూశాను, సీసాలో మిగిలింది చూశాను. రోజూ ఎక్కించుకునేదే. ఒక్క చుక్క ఎక్కువ లేదు."

డాక్టరు కలానికి మూత పెట్టాడు. "రోజూ తీసుకునేదే అయితే నిన్న ఎందుకు పోలేదు? మొన్న ఎందుకు పోలేదు?"

ఆ ప్రశ్నకి జవాబు తెలిసినవాళ్ళు ఊరంతటికీ ఇద్దరో ముగ్గురో ఉంటారు. వాళ్ళలో ఆమె ఒకతె. మెదడు మీద పరిశోధన ఆమె పని. నల్లమందు జాతి మందులు నరాల మీద వచ్చి వాలే చోట్లుంటాయి. వాటిని గ్రాహకాలంటారు. ఆ చోట్లలో నొప్పి ఎలా ఆగుతుందో, అక్కడినుంచే మందు మనిషిని ఎలా పట్టుకుంటుందో పన్నెండేళ్ళుగా చూస్తోంది.

"గది మారింది కాబట్టి," అంది. "మా ఎలకలకి రోజూ ఒకే గదిలో మందిస్తాం. కొన్నాళ్ళకి ఆ వెలుతురు చూస్తేనే, ఆ వాసన తగిలితేనే ఒళ్ళు మందుని తట్టుకోవడానికి ముందే సిద్ధమైపోతుంది. అప్పుడు పక్క గదికి మారుస్తాం. మోతాదు అదే. కానీ అక్కడ ఒళ్ళు ఆదమరిచి ఉంటుంది. ఊపిరి ఆగిపోతుంది. పాత గదిలో పది ఎలకల్లో మూడు చచ్చాయి. కొత్త గదిలో ఆరు. నా పేపరే అది, చదవండి."

"మీ ఎలకలు నన్ను సర్టిఫికెట్ అడగవమ్మా. ఈ కాగితంలో గది రాయడానికి గడి లేదు."

"లేకపోతే గీయండి!" ఆమె బల్ల చరిచింది. స్టెతస్కోపు కింద పడింది. "వాణ్ణి వాడి గదిలోంచి కదిలించిందెవరో ఆ పేరు రాయండి!"

డాక్టరు వంగి స్టెతస్కోపు తీసుకున్నాడు. ఏ మాటా కొట్టెయ్యకుండా సంతకం పెట్టాడు.

తమ్ముడు లైన్‌మన్. ఆరేళ్ళ కిందట కరెంటు స్తంభం మీంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాడు. నొప్పికి ఆ నల్లమందు జాతి మందే ఇచ్చారు. ఏడాదికి నొప్పి పోయింది. మందు పోలేదు. మాత్రలు సూదులయ్యాయి. రోజూ పొద్దున్న ఎనిమిదింటికి, ఇంట్లో వాడి గదిలోనే, వాడి మంచం మీదే. మానమని అక్క గడ్డం పట్టుకుని బతిమాలింది. తిట్టింది. రెండుసార్లు వైద్యానికి చేర్పించింది. వాడు నవ్వేవాడు. "ఎలకలెందుకే అక్కా, కొనుక్కోవాలి. నేను ఊరికే దొరుకుతాగా."

వాడు పోయింది స్నేహితుడి గదిలో. మధ్యాహ్నం ఆమె అక్కడికి వెళ్ళింది. వెల్డింగు షాపు పైన మూడో అంతస్తు. కిటికీలోంచి నీలం వెలుగు కొట్టి కొట్టి ఆరుతోంది. కాలిన ఇనుము వాసన. కింద గ్రైండరు కీచుమంటోంది. ఇంట్లో వాడి గది వెనకవైపు ఉంటుంది. చప్పుడుండదు, ఎండ రాదు, ఫినాయిలు వాసన. ఒక్కటంటే ఒక్కటీ కలవలేదు.

స్నేహితుడు గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"ఎందుకు రానిచ్చావురా?"

"నిన్న వానలో తడిసి ముద్దై వచ్చాడక్కా. పొమ్మంటానా?"

"వాడికి ఇల్లు లేదా? ఏం ఆశ పెట్టి పిలిచావు?"

"నేను పిలవలేదు. మీ ఇంటికి రంగులేస్తున్నారటగా. ఆ వాసన పడట్లేదు, రెండ్రోజులుంటానన్నాడు."

"అబద్ధం!" చెంప ఛెళ్ళుమంది. "మా ఇంటికి రంగులేసి తొమ్మిదేళ్ళయింది!"

అతను చెంప తడుముకోలేదు. "వాడన్నదే చెప్పానక్కా. మా అక్కకి శుభ్రం ఎక్కువలేరా అని నవ్వాడు కూడా."

ఆమె గుమ్మం దాటింది. కిందికి దిగుతూ రెండో అంతస్తు మెట్ల మీద కూర్చుండిపోయింది. గ్రైండరు ఆగేదాకా లేవలేదు.

ఇంటికొచ్చేసరికి తమ్ముడి గది ముందు అమ్మ నేల మీద కూర్చుని ఉంది. పిన్నికి కంటి ఆపరేషనని పదిరోజుల కిందట వెళ్ళింది. కబురు విని ఆ మధ్యాహ్నమే బస్సు దిగింది. గది తలుపుకి తాళం వేలాడుతోంది.

"తాళంచెవి దొరికిందా తల్లీ?"

"వాడి జేబుల్లో లేదమ్మా."

"వాడి దుప్పటి కావాలే. వాసన పోకముందే ఒక్కసారి పట్టుకోవాలి."

పక్కింటాయన సుత్తి పట్టుకుని నిలబడ్డాడు. "ఒక్క దెబ్బ చాలు చెల్లెమ్మా, ఊడొస్తుంది."

"వద్దన్నయ్యా." అమ్మ తాళాన్ని అరచేతిలోకి తీసుకుంది. "కొత్తది. ఎప్పుడు కొన్నాడో వెర్రి వెధవ. ఆఖరుసారి వాడి చెయ్యి తగిలింది దీనికే. పగలగొట్టనివ్వను."

ఆయన సుత్తి కింద పెట్టాడు.

అక్క వచ్చి అమ్మ పక్కన కూర్చుంది. హ్యాండ్‌బ్యాగు ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులూ దాని మీద బిగించింది.

"నా బిడ్డని ఇల్లు కదిలించినవాళ్ళెవరో తెలిసిందా?" అంది అమ్మ.

"వదిలిపెట్టనమ్మా," అంది అక్క, పళ్ళు బిగబట్టి. "వదిలిపెట్టను."

ముందు రోజు సాయంత్రం తమ్ముణ్ణి వానలోకి గెంటేసి ఆ తలుపుకి తను వేసిన తాళం చెవి ఆ బ్యాగులోనే ఉంది, అమ్మకింకా ఇవ్వలేదు.