మావయ్య చెమటలో చక్కెర

కోడలి ఫోను మళ్ళీ కుయ్యోమంది. మావయ్య షుగరు మళ్ళీ ఆకాశాన్నంటింది.

"మావయ్యా, నిజం చెప్పండి. ఏం తిన్నారు?"

"గాలి," అన్నాడాయన, పొడుగు చేతుల చొక్కా సర్దుకుంటూ. "అదీ చప్పగా ఉంది."

"నోరు కట్టుకోలేని మనిషిని అడుగుతావేమే!" వంటింట్లోంచి అత్తయ్య అందుకుంది. "ఈయన పుట్టడమే బెల్లం ముద్ద మింగి పుట్టాడు."

చెమటలోని చక్కెర కొలవడానికి మావయ్యకిచ్చిన పట్టీని కోడలు ల్యాబ్‌లో తిండీ నిద్రా మాని చేసింది. ఎలక్ట్రోడ్ మీద కంటికి ఆననంత సన్నటి బంగారు రేణువులు పూసింది. చెమటలోని గ్లూకోజ్ వాటికి తగిలితే పిసరంత కరెంటు పుడుతుంది. ఆ కరెంటే ఫోన్లో అంకెగా కనిపిస్తుంది. ల్యాబ్‌లో భేషుగ్గా పనిచేసింది. ఇంటికొచ్చాకే పిచ్చెక్కింది.

వేలికి సూది గుచ్చి సరిచూద్దామంటే, మావయ్య సూది పేరెత్తితే ఆమడ దూరం పరిగెత్తే రకం.

"మీ బంగారం గిల్టుదేమో చూసుకోండమ్మా," అని ల్యాబ్ డైరెక్టరు అందరి ముందూ నవ్వాడు. ఈ వారం లెక్క తేలకపోతే ప్రాజెక్టు అటకెక్కినట్టేనన్నాడు.

దాంతో అత్తయ్య రంగంలోకి దిగింది. బిస్కెట్లు, చాక్లెట్లు, జామ్ సీసా, ఆఖరికి దగ్గు సిరప్పు కూడా పట్టుకెళ్ళి తన బీరువాలో పెట్టి తాళం వేసింది.

"ఇప్పుడెలా తింటారో చూస్తాను!"

ఆ సాయంత్రం అంకె ఇంకాస్త పైకి ఎగబాకింది.

కోడలు కొత్తగా రేణువులు చేసి, కొత్త పట్టీకి పూసి, పరీక్షించి మరీ తెచ్చింది. "నేనే అతికించుకుంటాలే," అని మావయ్య దాన్ని గదిలోకి పట్టుకెళ్ళాడు. మర్నాటికి అదీ అదే పాట అందుకుంది.

కోడలు కుర్చీలో కూలబడింది.

"మిమ్మల్ని అనవసరంగా అనుమానించాను, మావయ్యా. తప్పు నా సెన్సర్‌దే. రేపు చెత్తబుట్టలో పడేసి, డైరెక్టరుకి చెప్పేస్తాను."

మావయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు. వంటింటి వైపు ఓ చూపు విసిరి, దగ్గరికొచ్చి గొణిగాడు.

"పారెయ్యకమ్మా. నాకవి దురద పెడతాయని, మొదట్నుంచీ ఆ పట్టీలన్నీ భుజం నొప్పికి మందని చెప్పి మీ అత్తయ్యకే అతికిస్తున్నాను."