పేరు దాచిన పోస్టు

“అది ఎవురు రాసినారో నీకు తెలిసిపోతుంది కదా పాపా?”

తండ్రి గొంతు వినగానే సంగవి లాప్‌టాప్ మూత సగం దించింది. తిరుమలసామి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆదివారం, సెలవు. అయినా కంపెనీకి బయల్దేరినవాడిలా చొక్కా తొడుక్కుని ఉన్నాడు.

“ఏది నైనా?”

“అదే, ఆ సంగం సైట్లో. మందు కలిపే గదిలో మనుషుల్ని కుక్కి కూచోబెడతా ఉండారని మా కంపెనీ పేరు పెట్టి రాసిండారే! పొద్దన్నించీ మొదలాళి ఫోను మీద ఫోను.”

తిరుమలసామి తాయిల్పట్టి వైపు ఒక బాణసంచా కంపెనీలో ఫోర్‌మన్. మొదలాళి అంటే ఆ కంపెనీ యజమాని. ఆ సైటు విరుదునగర్‌లోని ఒక కార్మిక సంఘానిది. అది నడిచే ఫోరం సాఫ్ట్‌వేర్‌ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, ఎవరైనా బాగుచేయవచ్చు. అలా దాన్ని చూసుకునే కొద్దిమందిలో, కోవిల్‌పట్టిలో ఇంట్లో కూర్చుని పనిచేసే సంగవి ఒకతె.

“నాకు తెలీదు,” అంది.

“తెలుసుకోవాలంటే?”

కాసేపటి క్రితమే సంఘం సైటు నడిపే జెబకుమార్ కంగారుగా ఫోన్ చేశాడు. “పేరు దాచి రాసిన పోస్టు కింద ఆ కొత్త మెచ్చుకోలు బటన్ నొక్కితే, రాసినవాళ్ళ పేరు బయటికొస్తోందమ్మా! నా సొంత పోస్టు మీద నొక్కి చూశాను. సైటు ఆపుదామంటే నేను తూత్తుకుడి నుంచి బస్సులో వస్తున్నాను, చేతిలో కంప్యూటర్ లేదు. ఈలోగా ఎవడి కంటైనా పడితే...”

ఆ బటన్ ఎవరో బయటివాళ్ళు రాసింది. అలా ఎవరికి కావలసిన హంగులు వాళ్ళు తగిలించుకునే వీలు కల్పించింది మాత్రం సంగవే. తగిలించిన ప్రతిదానికీ పోస్టుని ఉన్నదున్నట్టు అందించేసింది, రాసినవాళ్ళ పేరుతో సహా.

“ఆ కంప్యూటర్లో పేరు కనబడుతుందా, కనబడదా? అది చెప్పు చాలు,” అంటూ తిరుమలసామి లోపలికి వచ్చాడు.

“నైనా, కొంచెం సేపు నన్ను వదిలెయ్యి.”

అతని ఫోన్ మోగింది. వరండాలోకి నడిచాడు. అరవంలో అతని మాటలు సంగవికి వినబడుతూనే ఉన్నాయి. “అడుగుతున్నాను మొదలాళీ... అవును, మా అమ్మాయే... తెలిస్తే చెబుతుంది.”

సంగవి లాప్‌టాప్ మూత పూర్తిగా ఎత్తింది.

ముందు హంగులకి వెళ్ళే పోస్టులోంచి పేరు పూర్తిగా తీసేసి చూసింది. మార్పు పనిచేస్తుందో లేదో చూసే పరీక్షల్లో తెర మీద వరసగా ఎర్ర గీతలు పడ్డాయి. పేరు లేకపోతే పాత హంగులు సగం పనిచేయడం లేదు. సరే, పోస్టుని మొత్తంగా ఇవ్వనే వద్దు. ఎవరు ఏది అడిగితే అంతవరకే ఇవ్వాలి. పేరు దాచమన్నచోట పేరుకు బదులు ‘ఒక సభ్యుడు’ అన్న మాటే వెళ్ళాలి. గబగబా తిరగరాసింది. తొందరలో ఒక బ్రాకెట్ వదిలేసింది. మళ్ళీ ఎరుపు.

పక్కనే ఆ కంపెనీ పోస్టు తెరిచి ఉంది. ఒక్కసారి నొక్కితే పేరు వచ్చేస్తుంది. సంగవి ఆ పేజీని మూసేసింది.

“చూసినావా?” తండ్రి ఎప్పుడు వచ్చాడో, వెనకే ఉన్నాడు.

“చూడలే. చూడను.”

“ఏం?”

“ఆ మనిషికీ ఇల్లూ పిల్లలూ ఉంటారు నైనా. పేరు బయటపడితే రేపు గేటు దగ్గిరే ఆపేస్తారు. ఆపేది నువ్వే.”

తిరుమలసామి చొక్కా అంచుతో మెడ మీద చెమట తుడుచుకున్నాడు.

ఈసారి గీతలన్నీ పచ్చగా వచ్చాయి. సంగవి అప్‌డేట్‌ని పంపించి, అది సంఘం సైటులోకి దానంతటదే ఎక్కేదాకా ఫోన్ అరచేతిలో పట్టుకుని కూర్చుంది. కుర్చీ వెనక తండ్రి ఊపిరి వినబడుతోంది. చివరికి జెబకుమార్ పిలిచాడు.

“అప్‌డేట్ దిగిందమ్మా. అన్నీ నొక్కి చూశాను, ఎక్కడా పేరు రావడం లేదు. ఆ కంపెనీ పోస్టు మీద ఇంతకుముందు ఎవరూ నొక్కలేదు కూడా. బతికాం!”

సంగవి కుర్చీ తిప్పింది.

“పోయి మీ మొదలాళికి చెప్పుకో నైనా. ఇంక ఆ పేరు ఎవురూ చూడలేరు. నేను కూడా.”

“నువ్వు అనుకున్నా కుదరదా?”

“కుదరదు.”

“నిజంగా?”

“నిజంగా.”

అరుస్తాడనుకుంది ఆమె. తిరుమలసామి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు. వచ్చి మంచం అంచున కూర్చుని, జేబులోంచి ఫోన్ తీశాడు.

“అట్లయితే ఈసారి కంపెనీ వెనక షెడ్డు సంగతి కూడా రాసేస్తా.”